థాయ్‌లాండ్ దారిలో చిక్కుకున్న మనవాళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకేలా మొదలవుతాయి. "మా తమ్ముడు బ్యాంకాక్‌లో జాబని వెళ్లాడు సార్. నాలుగు రోజుల నుంచి ఫోన్ కలవట్లేదు." కరీంనగర్ నుంచైనా, శ్రీకాకుళం నుంచైనా మాట ఇదే. ఆ తర్వాత అడిగే ప్రశ్నలూ అవే. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీవాళ్లు ఇప్పుడు ఏ దశలో ఉన్నారో ఆ భాగం చదివితే చాలు.

ఈ వ్యవహారంలో థాయ్‌లాండ్ మధ్యలో తగిలే దారి మాత్రమే. బ్యాంకాక్‌లో దిగిన మనిషిని దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో ఉన్న మే సోత్ పట్టణానికి కారులో తీసుకెళ్తారు. అక్కడ మొయ్ నది దాటించి, మియన్మార్‌లోని మియావాడి చుట్టుపక్కల ఉన్న ఆన్‌లైన్ మోసాల కాంపౌండ్లలో దించుతారు. కేకే పార్క్, ష్వే కొక్కో అని మీరు పేపర్లో చదివినవి ఇవే. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో చెప్పిన అంచనా ప్రకారం, మియన్మార్‌లో కనీసం 1,20,000 మందితో, కంబోడియాలో దాదాపు 1,00,000 మందితో ఆన్‌లైన్‌లో జనాన్ని మోసం చేసే పని బలవంతంగా చేయిస్తున్నారు.

## బయలుదేరే ముందు

బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ జాబ్, మంచి జీతం, టికెట్ కూడా వాళ్లే పెడతారంట. నమ్మొచ్చా?

ఇంటర్వ్యూ ఎలా జరిగిందో అడగండి. టెలిగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో పది నిమిషాలు మాట్లాడి, టైపింగ్ స్పీడ్ చూసి, ఇంగ్లిష్ వచ్చా అని అడిగి ఓకే చేశారంటే అనుమానించాల్సిందే. డేటా ఎంట్రీ కోసం విమాన టికెట్ పెట్టి ఇంత దూరం నుంచి మనిషిని పిలిపించుకునే కంపెనీ ఏముంటుంది? ఇంకో గుర్తు దీనికంటే గట్టిది. "ఇమిగ్రేషన్‌లో అడిగితే టూరిస్ట్‌నని చెప్పు" అని ఏజెంట్ నేర్పించాడంటే అక్కడితో ఆపేయండి. థాయ్‌లాండ్‌లో నిజంగా ఉద్యోగం ఇచ్చే కంపెనీ అయితే, బయలుదేరకముందే థాయ్ ఎంబసీ నుంచి ఉద్యోగ వీసా తీసుకోమంటుంది. వర్క్ పర్మిట్‌కు కాగితాలు పెడుతుంది. అబద్ధం చెప్పమనదు.

థాయ్‌లాండ్‌కి మనకు వీసానే అక్కర్లేదు కదా, ఇందులో ఇల్లీగల్ ఏముంది?

వీసా లేకుండా రానిచ్చేది చూసిపోవడానికి. 2023 నవంబరులో భారతీయులకు ఈ సౌకర్యం ఇచ్చారు, 2024 జూలైలో దాన్ని 60 రోజులకు పెంచారు. ఈ గడువు మారుతూ ఉంటుంది కాబట్టి పాస్‌పోర్ట్‌లో వేసిన స్టాంపు మీది తేదీనే లెక్కలోకి తీసుకోండి. ఆ స్టాంపుతో పని చేస్తే నేరం. 5,000 నుంచి 50,000 బాత్‌ల (థాయ్ కరెన్సీ) జరిమానా వేసి దేశం నుంచి పంపేస్తారు. పైగా టూరిస్ట్‌గా వెళ్లిన మనిషి రేపు "నన్ను ఉద్యోగమని మోసం చేశారు" అంటే చూపించడానికి కాగితం ముక్క ఉండదు. ఏజెంట్లకు కావాల్సిందీ అదే.

ఏజెంట్ మా ఊరివాడే, తెలిసినవాడే. ఇంకేం చెక్ చేయాలి?

తెలిసినవాడని నమ్మే చాలామంది మోసపోయారు. కాంపౌండ్లలో మనిషికింత అని కమీషన్ ఉంటుంది. ముందు వెళ్లినవాడు ఆ డబ్బు కోసమో, తాను బయటపడటానికో తన స్నేహితుడినే పిలుస్తాడు. అందుకే మనిషిని కాదు, లైసెన్సును చూడండి. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. కేంద్ర విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో లైసెన్స్ నంబరు కొట్టి చూడొచ్చు. లైసెన్స్ ఉన్న ఏజెంట్ కూడా సర్వీస్ చార్జీగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. లక్షన్నర, రెండు లక్షలు అడుగుతున్నాడంటే అది సర్వీస్ చార్జీ కాదు. సందేహముంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090కి ఫోన్ చేసి అడగండి.

మా వాడిని ఎయిర్‌పోర్టులో ఎవరూ ఆపలేదు. ప్రభుత్వం ఎందుకు చూడలేదు?

ఎమిగ్రేషన్ తనిఖీ ఎక్కువగా పది చదవనివాళ్ల కోసం పెట్టింది. గల్ఫ్ దేశాలు, మలేషియా, థాయ్‌లాండ్ కలిపి 18 దేశాలకు పనికి వెళ్లేటప్పుడు వాళ్లకు క్లియరెన్స్ కావాలి. పది పాసైనవాళ్లకు అక్కర్లేదు. గల్ఫ్‌కు కూలికి వెళ్లే మనిషిని కాపాడటానికి కట్టిన గోడ అది. ఇప్పుడు మోసపోతున్నది బీటెక్, డిగ్రీ చదివిన పిల్లలు. మియన్మార్, కంబోడియా, లావోస్ ఆ 18 దేశాల జాబితాలోనే లేవు. ఈ లోపాన్ని సరిదిద్దాలని నేను గట్టిగా నమ్ముతాను.

## బ్యాంకాక్‌లో దిగాక

కారులో ఎక్కించుకుని ఎటో తీసుకెళ్తున్నారట. ఇప్పుడేం చేయాలి?

ఈ కొన్ని గంటలే అన్నిటికన్నా విలువైనవి. అతను ఇంకా థాయ్‌లాండ్‌లో ఉన్నాడు, పాస్‌పోర్ట్‌లో చెల్లే స్టాంపు ఉంది, అప్పటికి ఏ తప్పూ చేయలేదు. ముందు లొకేషన్ పంపమనండి. నఖోన్ సవాన్, కాంఫెంగ్ ఫెట్, తాక్ అనే పేర్లు వరసగా కనిపిస్తున్నాయంటే కారు మే సోత్ వైపు పోతున్నట్టే. జాబ్ బ్యాంకాక్‌లోనే అన్నప్పుడు అటు పోవాల్సిన పని లేదు.

నాకు తెలిసిన ఒక అబ్బాయి ఇలాగే పెట్రోల్ బంకు దగ్గర ఆగినప్పుడు బోర్డు ఫోటో తీసి చెల్లెలికి పంపాడు. ఆమె మ్యాప్ చూసి "అన్నా, దిగిపో, కారెక్కకు" అని మెసేజ్ పెట్టింది. అతను టాయిలెట్‌కని చెప్పి పక్కనున్న షాపులోకి వెళ్లి, బిల్లు కొట్టే ఆమె పక్కన నిలబడిపోయాడు. భాష రాదు. ఫోన్‌లో థాయ్‌లోకి మార్చి "నాకు భయంగా ఉంది, పోలీసులను పిలవండి" అని చూపించాడు. డ్రైవర్ రెండుసార్లు లోపలికి తొంగి చూసి, మూడోసారి బ్యాగు బయట పడేసి వెళ్లిపోయాడు.

జనం, కెమెరాలు ఉన్నచోట ఆగిపోవడం, టూరిస్ట్ పోలీసు నంబరు 1155కి ఫోన్ చేయడం, ఆ తర్వాత బ్యాంకాక్‌లోని భారత ఎంబసీకి చెప్పడం: ఈ వరసలో చేయండి. 1155లో ఇంగ్లిష్‌లో మాట్లాడొచ్చు. మామూలు పోలీసు నంబరు 191. తాక్ నుంచి మే సోత్‌కి వెళ్లే కొండదారిలో చెక్‌పోస్టులుంటాయి, అక్కడ కూడా నోరు తెరిచి చెప్పొచ్చు.

స్టాంపు గడువు దాటిపోయింది. బయటికొస్తే జైల్లో వేస్తారని టెన్షన్ పడుతున్నాడు.

తనంతట తానే ఎయిర్‌పోర్టుకు వెళ్లి తిరుగు ప్రయాణమైతే రోజుకు 500 బాత్‌ల చొప్పున, ఎంత ఆలస్యమైనా 20,000 బాత్‌లకు మించకుండా జరిమానా కడితే సరిపోతుంది. 90 రోజులు దాటితే మళ్లీ రాకుండా ఏడాది నిషేధం పడుతుంది. పోలీసులు పట్టుకుంటే మాత్రం వేరు. ఏడాదిలోపు ఓవర్‌స్టేకే 5 ఏళ్ల నిషేధం, దానికితోడు డిటెన్షన్ సెంటర్. ఏజెంట్లు ఈ భయాన్నే పట్టుకుని "బయటికి పోతే జైలే" అని నెలల తరబడి గదిలో పెడతారు. జరిమానా భయంతో ఏజెంట్ చేతిలో ఉండిపోవద్దు.

## నది దాటాక

మియన్మార్‌లో ఉన్నాడు, థాయ్‌లాండ్ నుంచి కిలోమీటరే అంటున్నాడు. థాయ్ పోలీసులు వెళ్లి తీసుకురాలేరా?

రాలేరు. అటు ఒడ్డు వేరే దేశం. ఆ దేశ ప్రభుత్వం మాట కూడా అక్కడ పూర్తిగా చెల్లదు, ఆ ప్రాంతం అక్కడి కరెన్ జాతివాళ్ల సాయుధ దళాల చేతుల్లో ఉంది. ఎండాకాలంలో కొన్నిచోట్ల మొయ్ నదిని నడిచి దాటేయొచ్చు. కాంపౌండ్ మేడ మీద నుంచి చూస్తే థాయ్ వైపు పోయే బండ్లు కనిపిస్తాయని తిరిగొచ్చినవాళ్లు చెబుతారు. అంత దగ్గర ఉండి రాలేకపోవడం ఇంట్లోవాళ్లకు అర్థంకాదు. మీరు చేయగలిగింది వివరాలు పక్కాగా అందించడం. విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, మియన్మార్‌లోని యాంగోన్‌లో, బ్యాంకాక్‌లో ఉన్న భారత ఎంబసీలు రెండింటికీ రాయండి. పేరు, పాస్‌పోర్ట్ నంబరు, చివరి లొకేషన్, కాంపౌండ్ పేరు, వెళ్లిన తేదీ, ఏజెంట్ నంబరు ఒకే పేజీలో ఉండాలి. స్థానిక పోలీస్ స్టేషన్‌లో కూడా అదే రోజు ఫిర్యాదు ఇవ్వండి.

డబ్బు కడితే వదిలేస్తామంటున్నారు. పొలం అమ్మైనా కట్టేద్దామా?

ఈ ప్రశ్న అడిగే తల్లిదండ్రులకు "వద్దు" అని తేలిగ్గా చెప్పలేను. కట్టాక వదిలిపెట్టిన కేసులున్నాయి. తీసుకుని ఇంకో కాంపౌండ్‌కి అమ్మేసిన కేసులూ ఉన్నాయి. కట్టినవాళ్లను ఇంకోసారి అడగడం మామూలే. కట్టేముందు పోలీసులకు, ఎంబసీకి చెప్పండి. ఏ ఖాతాకు పంపమన్నారో ఆ స్క్రీన్‌షాట్, క్రిప్టో అడ్రస్ అయినా సరే, దాచండి. మన దగ్గర ఉన్న ఏజెంట్ ఖాతా అయితే పోలీసులు దాన్ని పట్టుకుని లాగగలరు. మీరు ఏ నిర్ణయం తీసుకున్నా తప్పు మీది కాదు.

ఎప్పుడో ఒకసారి ఫోన్ వస్తుంది. ఏం మాట్లాడాలి?

పక్కన ఎవరో వింటున్నారనే అనుకుని మాట్లాడండి. "పోలీసులకు చెప్పాం" అనకండి, దానికి దెబ్బలు తినేది అతనే. అవును, కాదు అని జవాబిచ్చేలా అడగండి: తిన్నావా, ఒంట్లో బాగుందా, పాస్‌పోర్ట్ నీ దగ్గరుందా, మొన్నటి చోటే ఉన్నావా. ఒకమ్మ తన కొడుకుతో ముందే ఓ మాట అనుకుంది. "మామయ్యకు షుగర్ పెరిగింది" అని అతను అంటే చోటు మార్చారని అర్థం. అలాంటిది మీకూ ఒకటి ఉంటే మంచిది. ఫోన్ పెట్టేసిన వెంటనే తేదీ, టైము, నంబరు, మాటలు కాగితం మీద రాయండి. రేపు అధికారుల ముందు ఈ కాగితానికి చాలా విలువుంటుంది.

థాయ్‌లాండ్ కరెంట్ కట్ చేసిందన్నారు. దానివల్ల ఏమైనా జరిగిందా?

జరిగింది, కానీ సగమే. 2025 జనవరిలో ఒక చైనా నటుడు మే సోత్‌లో మాయమై మియావాడిలో దొరకడంతో పెద్ద గొడవైంది. ఫిబ్రవరి 5న థాయ్‌లాండ్ సరిహద్దు పట్టణాలకు కరెంట్, ఇంధనం, ఇంటర్నెట్ ఆపేసింది. ఒత్తిడికి సాయుధ దళాలు కాంపౌండ్ల నుంచి 7,000 మందికి పైగా బయటికి తెచ్చాయి. అక్కడ ఆగిపోయింది వ్యవహారం. ఇంతమందిని ఒక్కసారిగా తీసుకుని విచారించి చోటివ్వడం తనవల్ల కాదని, ఎంబసీ వచ్చి తీసుకెళ్తానంటేనే నది దాటనిస్తానని థాయ్‌లాండ్ అంది. విమానాలు పంపే స్తోమత, పట్టుదల ఉన్న దేశాలవాళ్లు ముందు వెళ్లారు. ఆఫ్రికా దేశాల పిల్లలు చాలామంది వారాల తరబడి అక్కడే, సరైన తిండి, మందులు లేకుండా ఉండిపోయారు. గేటు తెరిపించే ముందు, బయటికొచ్చినవాళ్లను ఎక్కడ పడుకోబెట్టాలో ఆలోచించి ఉండాల్సింది.

## తిరిగి మే సోత్ చేరాక

మోసపోయింది మావాడు. థాయ్ పోలీసులు మళ్లీ వాడినే ఎందుకు పట్టుకున్నారు?

అతను చట్టం కళ్లకు ఒకేసారి రెండు రకాలుగా కనిపిస్తాడు. థాయ్‌లాండ్ 1979 ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం చెక్‌పోస్టు దాటకుండా దేశంలోకి వచ్చిన నేరస్థుడు. 2008లో వచ్చిన మనుషుల అక్రమ రవాణా నిరోధక చట్టం ప్రకారం బాధితుడు కావచ్చు. ఏ లెక్కన చూడాలనేది విచారణ తేలుస్తుంది. అప్పటిదాకా ముందు చట్టమే పనిచేస్తుంది. 2025 అక్టోబరులో మియన్మార్ సైన్యం కేకే పార్క్‌పై దాడి చేశాక 28 దేశాలకు చెందిన 1,500 మందికి పైగా నది దాటి మే సోత్‌కి పారిపోయి వచ్చారు. వాళ్లలో దాదాపు 500 మంది భారతీయులు. ఇమిగ్రేషన్ చట్టం ఉల్లంఘించారని వాళ్లనూ మొదట అదుపులోకే తీసుకున్నారు. అంటే పట్టుకున్నారంటే అన్యాయం జరిగిపోయిందని కాదు. అసలు పని అక్కడి నుంచి మొదలవుతుంది.

థాయ్ అధికారుల ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి? స్కామ్ పని చేశానని ఒప్పుకుంటే కేసవుతుందా?

నిజం చెప్పాలి, అంతా చెప్పాలి. 2022 నుంచి థాయ్‌లాండ్‌లో బాధితులను గుర్తించడానికి ఒక పద్ధతి నడుస్తోంది. పోలీసులు, సామాజికాభివృద్ధి శాఖవాళ్లు, స్వచ్ఛంద సంస్థలవాళ్లు కలిసి మాట్లాడి బాధితుడో కాదో తేలుస్తారు. నోరు విప్పడానికి ధైర్యం చాలని మనిషికి మొదట 15 రోజులు, అవసరమైతే 45 రోజుల దాకా సమయం ఇవ్వొచ్చు. ఆ సమయం కావాలని అడగమనండి.

వాళ్లు వెతికేది మూడు విషయాలు: ఎలా తీసుకొచ్చారు, మోసంతోనా బలవంతంగానా, తెచ్చి ఏం చేయించారు. కాబట్టి ఏ ఉద్యోగమని చెప్పారు, పాస్‌పోర్ట్ ఎవరు తీసుకున్నారు, రోజుకు ఎన్ని గంటలు పని, టార్గెట్ అందకపోతే ఏం చేసేవాళ్లు, వెళ్తానంటే ఎంత డబ్బడిగారు, గేటు దగ్గర తుపాకులున్నాయా అన్నవి వరసగా చెప్పాలి. స్కామ్ చాట్‌లు చేశానని దాచి, రేపు ఫోన్‌లో అవి బయటపడితే మిగతా నిజాలూ నమ్మరు.

మనవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. తొందరగా ఇంటికి పంపేస్తారేమోనని "నా ఇష్టంతోనే వెళ్లాను" అని సంతకం పెట్టేస్తారు. తెలుగు దుబాసీ అక్కడ దొరకడం కష్టం. ఇంగ్లిషో హిందీయో సరిగా రాకపోతే, అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టనని నెమ్మదిగా చెప్పమనండి.

బాధితుడని తేలితే లాభమేంటి? తేలకపోతే ఏమవుతుంది?

తేలితే 2008 చట్టంలోని 41వ సెక్షన్ కాపాడుతుంది. అక్రమంగా వచ్చాడని, అనుమతి లేకుండా పని చేశాడని, దొంగ కాగితాలు వాడాడని అతని మీద కేసు పెట్టకూడదు. ప్రభుత్వ ఆశ్రయంలో ఉంచుతారు, వైద్యం చేయిస్తారు, నష్టపరిహారం అడిగే హక్కుంటుంది. కష్టం ఏమిటంటే, ఆశ్రయంలో స్వేచ్ఛగా తిరగనివ్వరు, కేసు కోసం నెలలు పట్టొచ్చు. ఆ ఆలస్యం భరించలేక వద్దనుకునేవాళ్లను నేను తప్పుపట్టను. తేలకపోతే జరిమానా, డిపోర్టేషన్, మళ్లీ రాకుండా నిషేధం. విమానం దొరికేదాకా ఇమిగ్రేషన్ డిటెన్షన్‌లో కిక్కిరిసిన గదిలో ఉండాలి.

మాతో ఒక ఆడపిల్ల, ఒక మైనర్ కూడా ఉన్నారు. వాళ్లకు వేరే ఏర్పాటు ఉంటుందా?

ఉంటుంది, అడగాలి. 18 ఏళ్లలోపు వాళ్ల విషయంలో మోసం, బలవంతం నిరూపించాల్సిన పనిలేదు, వాడుకున్నారంటే చాలు. పిల్లలను ఇమిగ్రేషన్ జైల్లో పెట్టకూడదని థాయ్ శాఖలు 2019 జనవరిలో ఒప్పందం రాసుకున్నాయి. వయసు చెప్పే కాగితం, పదో తరగతి మెమో అయినా సరే, వెంటనే ఫోన్‌లో పంపండి. ఆడవాళ్లు మహిళా అధికారిని, మహిళా దుబాసీని కోరవచ్చు. సామాజికాభివృద్ధి శాఖ నంబరు 1300.

ఆ దారిలో వెళ్లేది మనవాళ్లేనా? థాయ్‌లాండ్ అందరినీ ఎందుకంత అనుమానంగా చూస్తుంది?

మనవాళ్లు ఈమధ్య వచ్చినవాళ్లు. మియన్మార్ సరిహద్దున 9 శరణార్థి శిబిరాలు 1980ల నుంచి నడుస్తున్నాయి. మలేషియా చేరాలని రోహింగ్యాలు థాయ్‌లాండ్ మీదుగా కూడా వెళ్తారు. 2015 మేలో సోంగ్‌ఖ్లా రాష్ట్రంలోని పడంగ్ బెసార్ అడవిలో, దళారుల శిబిరం పక్కన సమాధులు బయటపడ్డాయి. ఆ అక్రమ రవాణా కేసులో 2017లో కోర్టు 62 మందిని దోషులుగా తేల్చింది, వాళ్లలో ఒక సైనిక జనరల్ కూడా ఉన్నాడు. థాయ్‌లాండ్ 1951 శరణార్థుల ఒప్పందంలో చేరలేదు. అందుకే ఏ కారణంతో వచ్చినా మొదటి ప్రశ్న "స్టాంపు ఉందా?" అనే. కొంచెం కొంచెంగా మారుతోంది: 2025 అక్టోబరు నుంచి శిబిరాల్లోని శరణార్థులు బయట పని చేసుకోవడానికి అనుమతిచ్చారు. మే సోత్‌లో డాక్టర్ సింథియా మౌంగ్ 1989లో మొదలుపెట్టిన మే తావ్ క్లినిక్ కాగితాలు లేని వలసవాళ్లకూ వైద్యం చేస్తోంది.

## ఇంటికి

పాస్‌పోర్ట్ కాంపౌండ్‌లోనే పోయింది. ఎలా వస్తాడు?

ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. గల్ఫ్ వెళ్లినవాళ్లు ఔట్‌పాస్ అంటారే, అదే. ఒక్కసారి ఇంటికి రావడానికి పనికొస్తుంది. ఆలస్యమయ్యేది అతను భారతీయుడేనని రుజువు చేసే దగ్గర. పాస్‌పోర్ట్ జిరాక్స్, ఆధార్, ఫోటో, తల్లిదండ్రుల వివరాలు మీరు పంపితే పని తొందరగా జరుగుతుంది. ఇంట్లో పాస్‌పోర్ట్ జిరాక్స్ లేకపోతే ఏజెంట్‌తో చేసిన పాత వాట్సాప్ చాట్‌లో వెతకండి. దాదాపు ప్రతిసారీ అక్కడ ఉంటుంది.

టికెట్ మేమే కొనాలా?

ఎక్కువమంది ఒకేసారి బయటికొచ్చినప్పుడు ప్రభుత్వమే తెచ్చింది. 2025 మార్చిలో రెండు రోజుల్లో 549 మందిని, నవంబరు 6న 270 మందిని, 10న 197 మందిని వాయుసేన విమానాల్లో మే సోత్ నుంచి తీసుకొచ్చారు. బ్యాంకాక్ ఎంబసీ, చియాంగ్ మై కాన్సులేట్ కలిసి ఈ పని చేశాయి. ఒక్కరే అయితే మామూలుగా టికెట్ మీరే చూసుకోవాల్సి వస్తుంది. చేతకాకపోతే ఎంబసీలోని భారతీయ సంక్షేమ నిధి నుంచి సాయం కోరుతూ రాయండి.

వచ్చాక సీబీఐ, పోలీసులు ప్రశ్నిస్తారంట. మావాడి మీదే కేసు పెడతారా?

ప్రశ్నించడం నిజమే, ఢిల్లీలో దిగగానే మొదలవుతుంది. ఎవరు పంపారో, లోపల ఎవరు నడుపుతున్నారో తెలుసుకోవడం దాని ఉద్దేశం. ఇతరులను చేర్చి కమీషన్ తీసుకున్నవాళ్ల మీద కేసులు పెడతారు. బలవంతంగా పని చేసినవాడు సాక్షి అవుతాడు. థాయ్‌లాండ్‌లో చెప్పినదీ ఇక్కడ చెప్పేదీ ఒకటే అయితే భయపడక్కర్లేదు. అక్కడ బాధితుడని ఇచ్చిన కాగితం ఉంటే జాగ్రత్త చేయండి.

ఏజెంట్ మీద కేసు పెడితే డబ్బు తిరిగొస్తుందా?

కేసు పెట్టండి. మనుషుల అక్రమ రవాణాకు భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కింద 7 నుంచి 10 ఏళ్ల శిక్ష, ఒకరికి మించి పంపితే ఇంకా ఎక్కువ. లైసెన్స్ లేకుండా పంపినందుకు ఎమిగ్రేషన్ చట్టం కింద వేరుగా పడుతుంది. డబ్బు సంగతి నేను హామీ ఇవ్వలేను. పెద్దమనుషుల ముందు సగం తీసుకుని రాజీ పడమని ఒత్తిడి వస్తుంది. రాజీ పడితే ఆ ఏజెంట్ మళ్లీ అదే పని చేస్తాడు.

ఇంటికొచ్చి నెలైంది. గదిలోంచి బయటికి రాడు, ఫోన్ మోగితే ఉలిక్కిపడతాడు.

నెలల తరబడి ఫోన్ చేతిలో పెట్టి కొట్టారు కదా, ఆ మోత అతనికి ఇంకా అక్కడిదే. "ఎంత సంపాదించావు" అని బంధువులు అడగకుండా చూడండి. అప్పుల మాట కొన్నాళ్లు అతని ముందు ఎత్తొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులో, ఉచితంగా మాట్లాడతారు. మొదట మీరే చేసి అడగొచ్చు. నిద్ర పట్టకపోయినా, చావు మాట ఎత్తినా ఆగకుండా జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఒక తండ్రి తన కొడుకు ఫోన్ రింగ్‌టోన్ మార్చి, ఇంట్లో అందరి ఫోన్లూ సైలెంట్‌లో పెట్టించాడు. మూడో వారానికి ఆ అబ్బాయి వాకిట్లో కూర్చుని టీ తాగాడు.